గ్రబ్ పోతే ఫార్మాట్ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఇంజినీరింగ్, డిగ్రీ చదివే పిల్లల దగ్గర అన్నలో అక్కలో వాడి ఇచ్చిన ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్‌లు ఇంకా నడుస్తున్నాయి. విండోస్‌ను అట్లాగే ఉంచుకుని పక్కన ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) రకాలైన ఉబుంటునో లినక్స్ మింట్‌నో వేసుకోవడం (దీన్నే డ్యూయల్ బూట్ అంటారు) వాళ్లకు తెలివైన దారి. ఖర్చు లేదు, పాత మెషిన్‌కు ఇంకొన్నేళ్ల ఆయుష్షు వస్తుంది. చిక్కల్లా అది మొరాయించిన రోజున వస్తుంది. తెర మీద నాలుగు ఇంగ్లిష్ ముక్కలు కనబడగానే బ్యాగులో పెట్టుకుని రిపేరు షాపుకు పోతారు. అక్కడ వినిపించే మొదటి మాట "ఫార్మాట్ కొట్టాలి". ప్రాజెక్టు రిపోర్టులు, స్కాన్ చేసి పెట్టుకున్న మార్కుల జాబితాలు, ఇంట్లోవాళ్ల ఫొటోలు అన్నీ ఆ ఒక్క మాటతో పోతాయి. ఇలాంటి కేసుల్లో ఎక్కువ వాటికి ఫార్మాట్ అవసరం లేదు. ఎందుకు లేదో, ఏం చేయాలో మీ పాఠకులకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం.

పవర్ బటన్ నొక్కగానే ముందు మేల్కొనేది మదర్‌బోర్డులోనే రాసి ఉండే ప్రోగ్రాం, ఫర్మ్‌వేర్. అందరూ ఇంకా బయోస్ అనే అంటారు కానీ, విండోస్ 8 కాలం నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో అది యూఈఎఫ్‌ఐ. డిస్కులో ఈఎఫ్‌ఐ పార్టిషన్ అని ఒక చిన్న ముక్క ఉంటుంది. సాధారణంగా 100 ఎంబీ, కొన్ని కంపెనీల మెషిన్లలో 260 ఎంబీ. అందులో మైక్రోసాఫ్ట్ పేరుతో ఒక ఫోల్డర్, ఉబుంటు వేస్తే ఉబుంటు పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంటాయి. ఫర్మ్‌వేర్ తన జాబితాలో ముందున్న ఫోల్డర్‌లోని ఫైలును నడుపుతుంది. ఉబుంటు ముందుంటే షిమ్ అనే చిన్న ప్రోగ్రాం లేచి గ్రబ్ అనే లినక్స్ ప్రోగ్రాంను పిలుస్తుంది, గ్రబ్ ఏ ఓఎస్ కావాలో అడుగుతుంది. ఈ వరసలో ఎక్కడో ఒక మెట్టు విరిగితే ల్యాప్‌టాప్ లేవదు. సీ డ్రైవ్, డీ డ్రైవ్ మాత్రం ఉన్నచోటే ఉంటాయి. తాడిపత్రి రోడ్డు మీద బోర్డు పడిపోయినంత మాత్రాన తాడిపత్రి ఎక్కడికీ పోదు కదా.

కాబట్టి మొట్టమొదట చేయాల్సింది బూట్ మెనూ (దేనితో లేవాలో ఎంచుకునే జాబితా) తెరవడం. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, ఆన్ చేసిన వెంటనే కీని గబగబా నొక్కుతూ ఉండాలి. డెల్‌లో ఎఫ్12, లెనోవోలోనూ ఎఫ్12 (కొన్ని మోడళ్లలో ఎఫ్ఎన్ కీతో కలిపి, ఐడియాప్యాడ్‌లలో పక్కన సూదితో నొక్కే నోవో బటన్ కూడా ఉంటుంది), హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్, ఏసర్‌లో ఎఫ్12. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయకపోతే ఎఫ్2తో సెటప్‌లోకి పోయి 'ఎఫ్12 బూట్ మెనూ' అన్నదాన్ని ఎనేబుల్ చేయాలి. వచ్చిన జాబితాలో 'విండోస్ బూట్ మేనేజర్' ఎంచుకుంటే విండోస్ తెరుచుకుందా? అయితే ఏదీ పోలేదు. పాడైంది గ్రబ్ ఒక్కటే. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఫార్మాట్ మాట ఎత్తేవాళ్ల చేతికి ల్యాప్‌టాప్ ఇవ్వకండి.

తర్వాత తెర మీద ఉన్న మాటలు చదవాలి. చదివి ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోవాలి. ఒక్కో మాట ఒక్కో జబ్బును చెబుతుంది.

'గ్రబ్ రెస్క్యూ' అనో, ఒట్టి 'గ్రబ్' అనో కనిపించి పక్కన కర్సర్ మిణుకుమిణుకుమంటుంటే, గ్రబ్ లేచింది కానీ దాని ఫైళ్లు దొరకలేదని అర్థం. నూటికి తొంభై పాళ్లు జరిగేది ఇదీ: లినక్స్ వద్దనుకుని విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఆ పార్టిషన్‌ను డిలీట్ చేస్తారు. గ్రబ్ మొదటి ముక్క ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో మిగిలిపోతుంది, మిగతా ఫైళ్లు లినక్స్ పార్టిషన్‌తో పాటు పోతాయి. మందు సులువు. ఫర్మ్‌వేర్ సెటప్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్ (ఏది ముందు లేవాలో చెప్పే జాబితా)లో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి జరపాలి. అసలు లినక్స్‌ను తీసేయాలనుకున్నవాళ్లు ఈ పని ముందు చేసి, పార్టిషన్ తర్వాత డిలీట్ చేస్తే ఆ తెర కనబడేదే కాదు.

గ్రబ్ అసలు రాకుండా నేరుగా విండోస్‌లోకి వెళ్లిపోతుంటే అది ఇంకో రకం. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాతో, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాతో బూట్ ఆర్డర్ మారిపోతుంది. ఫర్మ్‌వేర్‌లో ఉబుంటును పైకి తెస్తే చాలు. కొన్ని హెచ్‌పీ మోడళ్లలో 'ఓఎస్ బూట్ మేనేజర్' అన్న వరస మీద ఎంటర్ కొడితేనే లోపల ఉబుంటు కనిపిస్తుంది, చాలామంది దాన్ని చూడరు. ఏసర్‌లో ఇంకో మెలిక. సెక్యూర్ బూట్ (నమ్మిన ప్రోగ్రాంలనే లేవనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉండగా ఉబుంటు ఫైలును మనమే నమ్మదగినదిగా చెప్పాలి. దానికి ముందు సెక్యూరిటీ ట్యాబ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టాలి, అప్పుడే 'సెలెక్ట్ యాన్ యూఈఎఫ్‌ఐ ఫైల్ యాజ్ ట్రస్టెడ్' అన్న వరస వెలుగుతుంది. ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌లో ఉబుంటు, దాని లోపల షిమ్‌ఎక్స్64 ఎంచుకుని, పేరు పెట్టి, సేవ్ చేసి, మళ్లీ బూట్ ఆర్డర్‌లో పైకి తేవాలి. ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పెట్టుకోండి. మరిచిపోతే మదర్‌బోర్డు దాకా పోతుంది వ్యవహారం.

గ్రబ్ వచ్చి, అందులో విండోస్ పేరే లేకపోతే కంగారు అక్కర్లేదు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్కన ఉన్న ఇతర ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను భద్రత కోసం మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. లినక్స్‌లోకి వెళ్లి ఈటీసీ ఫోల్డర్‌లో డీఫాల్ట్, దాని లోపల గ్రబ్ అనే ఫైలు తెరిచి 'గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్' అన్న వరస పెట్టాలి (అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో; ఫాల్స్ తప్ప మిగతావి పెద్ద అక్షరాలు). తర్వాత టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే తెర) సుడోతో (అడ్మిన్ హక్కుతో) అప్‌డేట్-గ్రబ్ నడపాలి. 'విండోస్ బూట్ మేనేజర్ దొరికింది' అని అర్థం వచ్చే వరస తెర మీద కనిపించాలి. అప్పటికీ దొరకకపోతే విండోస్ ఒక పద్ధతిలో, లినక్స్ ఇంకో పద్ధతిలో పడ్డాయేమో చూడాలి. ఆ సంగతి కింద చెబుతాను.

'షిమ్ ఎస్‌బ్యాట్ డేటా', 'సెక్యూరిటీ పాలసీ వయలేషన్' అన్న మాటలతో తెర ఆగిపోయి, మెషిన్ తనంతట తానే ఆఫ్ అయిపోతే అది 2024 ఆగస్టు నాటి విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తెచ్చిన గొడవ. పాత షిమ్‌లను నమ్మవద్దని ఆ అప్‌డేట్ ఫర్మ్‌వేర్‌లో రాసిపెట్టింది. డ్యూయల్ బూట్ ఉన్న మెషిన్లను తాకదని మైక్రోసాఫ్ట్ చెప్పినా చాలా చోట్ల తాకింది. పాత పెన్‌డ్రైవ్‌లతో బూట్ చేసేవాళ్లకు ఇప్పటికీ ఎదురవుతుంది. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్ ఆదేశానికి సెట్-ఎస్‌బ్యాట్-పాలసీ డిలీట్ అని ఇచ్చి, ఒకసారి రీస్టార్ట్ చేసి లినక్స్‌ను పూర్తిగా అప్‌డేట్ చేసుకుని, సెక్యూర్ బూట్‌ను మళ్లీ ఆన్ చేయాలి. ఆపి అలాగే వదిలేయడం మంచిది కాదు. అయితే సెక్యూర్ బూట్‌ను ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు విండోస్ వేసే తాళం) సంగతి చూసుకోవాలి.

ఈ ఉత్తరంలో ఒక్క పేరా మాత్రమే గుర్తుంచుకునేవాళ్లు ఈ బిట్‌లాకర్ పేరా గుర్తుంచుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా విండోస్ 11 24హెచ్2 కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన వాటిలో, యజమానికి తెలియకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో దాని పేరు 'డివైస్ ఎన్‌క్రిప్షన్'. మామూలు రోజుల్లో తాళంచెవి టీపీఎం దగ్గర ఉంటుంది కాబట్టి మనకేమీ తెలియదు. సెక్యూర్ బూట్ ఆపినా, టీపీఎం సెట్టింగ్ మార్చినా, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసినా మరుసటి బూట్‌లో నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ సాధారణంగా ల్యాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యారో అందులో ఉంటుంది. ఆ రోజున షాపువాళ్లు తమ మెయిల్‌తోనో, ఏదో ఒక కొత్త మెయిల్ సృష్టించో లాగిన్ చేసి ఇస్తే కీ ఎవరి దగ్గర ఉన్నట్టు? అదీ దొరకకపోతే ఆ డేటాను ఎవరూ తీయలేరు. డబ్బులు తీసుకుని తీస్తామనేవాళ్లను నమ్మొద్దు. కాబట్టి లినక్స్ ఆలోచన రాగానే ముందు ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, ఆ డివైస్ పేరు కింద రికవరీ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోవాలి. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'మేనేజ్-బీడీఈ మైనస్ స్టేటస్' కొడితే ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చెబుతుంది. ఉంటే సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసి, నూరు శాతం డీక్రిప్ట్ అయ్యేదాకా చార్జర్ తీయకుండా ఆగాలి. గంటలు పట్టొచ్చు, మధ్యలో తొందరపడొద్దు.

రెండో జాగ్రత్త ఫాస్ట్ స్టార్టప్. విండోస్‌లో షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదు. కెర్నల్‌ను డిస్కు మీద రాసి నిద్రపోతుంది. ఆ స్థితిలో లినక్స్‌లోకి వెళ్లి సీ, డీ డ్రైవ్‌లు తెరిస్తే 'రీడ్ ఓన్లీ' అంటుంది, లేదా అసలు మౌంట్ కానివ్వదు (తెరవనివ్వదు). బలవంతంగా రాయిస్తే రెండు ఓఎస్‌లకూ లెక్క తప్పి ఫైళ్లు చెడతాయి. వైఫై కార్డు కూడా సగం నిద్రలో ఉండిపోయి లినక్స్‌లో కనబడకపోవడం ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ', పైన కనిపించే 'ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్' నొక్కి, ఫాస్ట్ స్టార్టప్ పక్కన టిక్ తీసేయాలి. కొన్ని విండోస్ అప్‌డేట్ల తర్వాత ఆ టిక్ మళ్లీ వచ్చేస్తుంది, అప్పుడప్పుడు చూసుకోవాలి. డ్రైవ్ 'డర్టీ' (సరిగ్గా మూయలేదు) అని లినక్స్ మొండికేస్తే విండోస్‌లోకి వెళ్లి సీహెచ్‌కేడీఎస్‌కే అనే ఆదేశానికి స్లాష్ ఎఫ్ పెట్టి నడపాలి. లినక్స్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ ఆ గుర్తును తుడుస్తుందే గానీ లోపలి తప్పులన్నీ దిద్దదు.

పైన పద్ధతుల సంగతి అన్నాను. విండోస్ యూఈఎఫ్‌ఐలో ఉంటే లినక్స్ కూడా యూఈఎఫ్‌ఐలోనే వేయాలి, విండోస్ లెగసీలో (పాత బయోస్ పద్ధతి) ఉంటే లినక్స్ కూడా లెగసీలోనే. విండోస్ కీతో ఆర్ నొక్కి ఎంఎస్‌ఇన్‌ఫో32 అని కొడితే 'బయోస్ మోడ్' అన్న వరసలో ఏదో ఒకటి రాసి ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌లో షాపులో వేయించిన విండోస్ అయితే లెగసీ అని ఉండడం మామూలే. కంపెనీ నుంచి యూఈఎఫ్‌ఐతో వచ్చినదాన్ని కూడా చేతికి అలవాటైన పెన్‌డ్రైవ్‌తో లెగసీలో వేసేస్తారు. పెన్‌డ్రైవ్‌ను రూఫస్ అనే ప్రోగ్రాంతో తయారు చేసేటప్పుడు యూఈఎఫ్‌ఐ మెషిన్‌కు 'పార్టిషన్ స్కీమ్' దగ్గర జీపీటీ ఎంచుకోవాలి. లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది) లేచాక సిస్ ఫోల్డర్‌లో ఫర్మ్‌వేర్, దాని లోపల ఈఎఫ్‌ఐ అన్న ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్‌ఐలో లేచినట్టు. లేకపోతే ఇన్‌స్టాల్ మొదలుపెట్టకుండా బయటికి వచ్చి బూట్ మెనూలో 'యూఈఎఫ్‌ఐ' అని ముందు రాసి ఉన్న పెన్‌డ్రైవ్ వరసనే ఎంచుకోవాలి. ఒకే పెన్‌డ్రైవ్ రెండు పేర్లతో కనిపిస్తుంది, తప్పు జరిగేది అక్కడే. లెగసీ మెషిన్లలో ఇంకో గోతి ఉంది. ఎంబీఆర్ (జీపీటీకి ముందున్న పాత పద్ధతి) డిస్కులో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయి. ఐదోది చేయబోతే విండోస్ 'డైనమిక్ డిస్క్‌గా మారుస్తాను' అని అడుగుతుంది. యెస్ కొట్టారా, ఇక లినక్స్ వేయడం నరకమే. ఆ ప్రశ్న వస్తే నో కొట్టి బయటికి రండి.

ఉబుంటు 24.04 ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) దాదాపు 6 జీబీ. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ఫోన్ డేటాతో దింపేవాళ్లకు ముక్కలు ముక్కలుగానే దిగుతుంది. అందుకే ఫైలు సరిగా దిగిందో లేదో చూడకుండా పెన్‌డ్రైవ్ మీద రాయకూడదు. విండోస్‌లో సెర్ట్‌యుటిల్ ఆదేశానికి హ్యాష్‌ఫైల్, ఫైలు పేరు, ఎస్‌హెచ్‌ఏ256 అని ఇస్తే ఒక పొడుగాటి అంకె వస్తుంది. అది ఉబుంటు సైటులో ఇచ్చినదానితో అక్షరం అక్షరం కలవాలి. మధ్యలో ఆగిపోయే ఇన్‌స్టాళ్లకు చెడ్డ ఐఎస్‌ఓ, చౌక పెన్‌డ్రైవ్ ఈ రెండే పెద్ద కారణాలు. 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. డేటా బాధ ఉన్నవాళ్లు దాదాపు 3 జీబీ ఉండే లినక్స్ మింట్ దింపుకోవచ్చు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషిన్‌కు మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ రకమే నయం కూడా.

చోటు మాత్రం విండోస్‌లోంచే తీయాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి 'ష్రింక్ వాల్యూమ్'. ఉబుంటుకు కనీసం 25 జీబీ అంటారు గానీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీలో 50, 512లో 80 నుంచి 100 ఇస్తే మళ్లీ పెంచుకునే పని ఉండదు. ఖాళీ చాలా ఉన్నా కొంచెమే ష్రింక్ అవుతానంటే, కదపలేని ఫైళ్లు నడుమ కూర్చున్నాయని అర్థం. హైబర్నేషన్‌ను, పేజింగ్ ఫైలును, రిస్టోర్ పాయింట్లను తాత్కాలికంగా ఆపి రీస్టార్ట్ చేసి మళ్లీ చూడాలి. వచ్చిన ఖాళీని 'అన్‌అలొకేటెడ్'గానే వదిలేయాలి, దానికి డ్రైవ్ అక్షరం ఇవ్వకూడదు. మన ఊళ్లలో వేసవి కరెంటు కోతలు తెలిసినవే. బ్యాటరీ చచ్చిపోయి చార్జర్ మీదే నడిచే ల్యాప్‌టాప్ అయితే యూపీఎస్ ఉన్నచోటే ఈ పని పెట్టుకోండి. పార్టిషన్ కదులుతుండగా కరెంటు పోతే అప్పుడు నిజంగానే ఫైళ్లు పోతాయి.

పెన్‌డ్రైవ్ లేచింది, ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనబడలేదు. పదకొండో తరం ఇంటెల్, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో ఇది చాలా మామూలు. ఇంటెల్ వీఎండీ అనో, ఆర్‌ఎస్‌టీ అనో పిలిచే పొర డిస్కుకు, ఓఎస్‌కు నడుమ ఉంటుంది. ఫర్మ్‌వేర్‌లో దాన్ని ఆపాలి, లేదా ఆర్‌ఎస్‌టీ బదులు ఏహెచ్‌సీఐ ఎంచుకోవాలి. ఏసర్‌లో ఈ సెట్టింగ్ దాగి ఉంటుంది. మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడుతుంది. కానీ నేరుగా మార్చేస్తే విండోస్ 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని నీలం తెర వేస్తుంది, మళ్లీ ఫార్మాట్ మాట వినాల్సి వస్తుంది. సరైన వరస ఇదీ. విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ ట్యాబ్‌లో 'సేఫ్ బూట్' టిక్ పెట్టాలి. రీస్టార్ట్ చేసి వెంటనే ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి మార్పు చేయాలి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను తానే పట్టుకుంటుంది. అప్పుడు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ టిక్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయాలి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, కాబట్టి అకౌంట్ అసలు పాస్‌వర్డ్ గుర్తుండాలి. తొందరపడి మార్చేసి నీలం తెర తెచ్చుకున్నవాళ్లు కూడా సెట్టింగ్‌ను వెనక్కి మారిస్తే విండోస్ లేస్తుంది.

ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' అన్నదాని జోలికి పోకూడదు. 'అలాంగ్‌సైడ్' అన్నది కనిపిస్తే అది, లేకపోతే మాన్యువల్ ఎంచుకుని ఆ ఖాళీ స్థలాన్ని ఈఎక్స్‌టీ4గా, మౌంట్ పాయింట్ స్లాష్‌గా ఇవ్వాలి. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను వాడుకోవాలే గానీ ఫార్మాట్ టిక్ పెట్టకూడదు. పెడితే విండోస్ బూట్ ఫైళ్లు తుడిచిపెట్టుకుపోతాయి. చిన్న ఎస్‌ఎస్‌డీ, పెద్ద హార్డ్‌డిస్క్ రెండూ ఉన్న మెషిన్లలో ఎన్‌వీఎంఈ అని మొదలయ్యేది ఎస్‌ఎస్‌డీ, ఎస్‌డీఏ అన్నది మామూలుగా హార్డ్‌డిస్కో సాటా ఎస్‌ఎస్‌డీనో. పేరు ఒక్కటే నమ్మకుండా సైజు కూడా చూడాలి, పెన్‌డ్రైవ్ కూడా ఎస్‌డీతోనే మొదలవుతుంది. పొరపాటున ఎరేజ్ కొట్టినవాళ్లు ఆ క్షణమే ఆపేయాలి, దాని మీద ఇంకేమీ రాయకూడదు. హార్డ్‌డిస్క్ అయితే టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాం పాత పార్టిషన్లను చాలాసార్లు వెతికి పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు పాత డేటాను నిజంగా తుడిచేస్తుంది కాబట్టి ఆశ తక్కువ.

గ్రబ్ పూర్తిగా పోయినప్పుడు దాన్ని మళ్లీ నిలబెట్టే పని టెర్మినల్ తెలిసినవాళ్లకు పది నిమిషాలది. లైవ్ పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్‌ఐలో లేపి, ఎల్‌ఎస్‌బీఎల్‌కేకు మైనస్ ఎఫ్ ఇచ్చి చూడాలి. ఈఎక్స్‌టీ4 అన్నది లినక్స్ పార్టిషన్, వీఫ్యాట్ అని చిన్నదిగా ఉన్నది ఈఎఫ్‌ఐ. మొదటిదాన్ని ఎంఎన్‌టీ మీద, రెండోదాన్ని దాని లోపలి బూట్-ఈఎఫ్‌ఐ ఫోల్డర్ మీద మౌంట్ చేయాలి. డెవ్, ప్రాక్, సిస్ మూడింటినీ ఆర్‌బైండ్‌తో కలపాలి. ఉత్త బైండ్ పెడితే ఈఎఫ్‌ఐ వేరియబుల్స్ లోపలికి రాక ఆఖర్లో ఎర్రర్ ఇస్తుంది. తర్వాత క్రూట్, గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్. యూఈఎఫ్‌ఐలో గ్రబ్-ఇన్‌స్టాల్‌కు డిస్కు పేరు అక్కర్లేదు. ఫెడోరాలో మాత్రం ఈ దారి వద్దు, అక్కడ షిమ్, గ్రబ్ ప్యాకేజీలనే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. ఇవేవీ వద్దనుకునేవాళ్లకు మింట్ లైవ్ పెన్‌డ్రైవ్‌లో బూట్ రిపేర్ అన్న ప్రోగ్రాం ఉంటుంది. అది సూచించిన మామూలు రిపేరు చాలా కేసుల్లో సరిపోతుంది.

అటువైపు విండోస్ బూట్ ఫైళ్లే చెడితే విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌తో కమాండ్ ప్రాంప్ట్ తెరవాలి. ఇక్కడ షాపుల్లో ఏళ్లుగా అలవాటైన బూట్‌రెక్ ఫిక్స్‌ఎంబీఆర్ యూఈఎఫ్‌ఐ మెషిన్‌కు పనికిరాదు, అది ఎంబీఆర్ కాలం మందు. ఫిక్స్‌బూట్ అయితే తరచూ 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అంటుంది. అది చూసి డిస్కు పోయిందని తీర్మానించేస్తారు. డిస్క్‌పార్ట్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను ఎంచుకుని దానికి ఎస్ అన్న అక్షరం ఇచ్చి, బీసీడీబూట్‌కు విండోస్ ఫోల్డర్, స్లాష్ ఎస్ తర్వాత ఎస్ కోలన్, స్లాష్ ఎఫ్ తర్వాత యూఈఎఫ్‌ఐ అని ఇస్తే బూట్ ఫైళ్లు కొత్తగా పడతాయి. పెన్‌డ్రైవ్‌తో లేచినప్పుడు సీ డ్రైవ్ అక్షరం మారి ఉండొచ్చు, డిఐఆర్ కొట్టి విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో చూసుకోవాలి.

అన్నీ సవ్యంగా పడ్డాక మిగిలేవి చిన్న చిక్కులే. ఎన్‌విడియా కార్డు ఉన్న మెషిన్‌లో నల్ల తెర వస్తే గ్రబ్‌లో ఉబుంటు మీద ఉండి ఇంగ్లిష్ 'ఈ' కీ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరస చివర నోమోడ్‌సెట్ చేర్చి ఎఫ్10 కొట్టాలి. లోపలికి వెళ్లాక 'అడిషనల్ డ్రైవర్స్'లో సిఫారసు చేసిన డ్రైవర్ వేసుకోవాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో మోక్ మేనేజ్‌మెంట్ అన్న నీలం తెర వస్తుంది. అది కొద్ది సెకన్లే ఆగుతుంది. అక్కడ 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది భయపడి 'కంటిన్యూ బూట్' నొక్కేస్తారు, డ్రైవర్ లోడ్ కాదు, తప్పు లినక్స్‌దంటారు. వైఫై రాకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే వెంటనే నెట్ వస్తుంది, దానితోనే డ్రైవర్లు దింపుకోవచ్చు. మీడియాటెక్ ఎంటీ7902 చిప్పు ఉన్న ల్యాప్‌టాప్‌లకు లినక్స్‌లో చాలాకాలం డ్రైవరే లేదు. అందుకే ఇన్‌స్టాల్ చేయకముందే లైవ్‌లో వైఫై, సౌండు, టచ్‌ప్యాడ్ చూసుకోవాలి. విండోస్‌లో గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి పోతే కంగారొద్దు. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని గ్రీనిచ్ లెక్కలో పెడుతుంది, విండోస్ దాన్ని మన టైమనుకుని చదువుతుంది. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్‌కు సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఇస్తే రెండూ కలుస్తాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో షెల్ స్క్రిప్టులు, ఫోర్క్ ప్రోగ్రాములు రాయడానికే లినక్స్ కావాలనుకునే విద్యార్థికి డ్యూయల్ బూట్ అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న మెషిన్‌లో విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకుంటే ఆ పనంతా అవుతుంది. సెమిస్టర్ పరీక్షల ముందు వారంలో పార్టిషన్లు కదిలించే సాహసం అసలే వద్దు.

అన్నీ చేశాక కూడా ఫార్మాట్ తప్పని కేసులు కొన్ని ఉంటాయి. అప్పుడూ లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్‌తో లేపి ఫైళ్లను ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీసుకున్నాకే దాన్ని ముట్టాలి. విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లకు, విండోస్ 8 నుంచి, లైసెన్సు కీ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. అదే ఎడిషన్ అసలు విండోస్ వేస్తే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. క్రాక్ చేసిన విండోస్ వేసి వైరస్ తెచ్చిపెట్టే పని ఎవరికీ లేదు.

మా మూడు జిల్లాల కాలేజీల కంప్యూటర్ విభాగాలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ప్రతి ల్యాబ్‌లో సరిచూసిన ఐఎస్‌ఓతో ఒక ఉబుంటు, ఒక మింట్, ఒక విండోస్ 11 పెన్‌డ్రైవ్ ఉంచండి. మొదటి సంవత్సరం పిల్లలు చేరిన వారంలోనే వాళ్ల బిట్‌లాకర్ కీ వాళ్ల సొంత అకౌంట్‌లో ఉందో లేదో చూపించి, నోటుబుక్కులో రాయించండి. రిపేరు షాపులు నడుపుతున్న సోదరులను కూడా వేడుకుంటున్నాను: ఫార్మాట్‌కు ఒప్పుకోమని అడిగే ముందు బూట్ మెనూలో విండోస్ లేస్తుందో లేదో కస్టమర్ కళ్ల ముందే ఒకసారి చూపించండి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ ల్యాబ్ టెక్నీషియన్,
అనంతపురం.